పడమటి గోడ వెంట పామ్ చెట్ల దడి: ఎన్ని పెట్టాలి, ఎంత ఎడం?

మల్లెపందిరి (నెల్లూరు) | 2023 జూన్ 8, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది పొదలకూరు రోడ్డు వైపు లేఅవుట్‌లో ఇల్లు. పడమర పక్క స్థలం ఇన్నాళ్ళూ ఖాళీగా ఉండేది. ఇప్పుడు అక్కడ రెండంతస్తుల ఇల్లు లేచింది. వాళ్ళ మెట్లు సరిగ్గా మా దొడ్డి మీదికి వచ్చాయి. మంచివాళ్ళే, ఏ ఇబ్బందీ పెట్టలేదు. కానీ మెట్లెక్కే ప్రతి మనిషికీ మా బట్టల తీగ, అంట్ల గిన్నెలు కనపడతాయి. మా అమ్మ రోజూ మధ్యాహ్నం అక్కడ కూర్చుని ఆకుకూర ఒలుచుకునేది. ఇప్పుడు చాట తీసుకుని లోపలికొచ్చి ఫ్యాన్ కింద కూర్చుంటోంది, అడిగితే "ఎండగా ఉందిలే" అంటుంది.

ప్రహరీ 5 అడుగులు ఉంది, పొడవు 40 అడుగులు. గోడ ఇంకా లేపితే గాలి రాదు, ఖర్చూ ఎక్కువే. ఒక ఫంక్షన్ హాల్లో వరసగా పామ్ చెట్లు చూశాను, అవతల ఏముందో అసలు తెలియలేదు. నర్సరీలో అడిగితే 20 మొక్కలు పడతాయి, ఒకదాన్నొకటి ఆనించి పెట్టండి, ఆరు నెలల్లో గోడ అయిపోతుంది అన్నాడు. నిజమేనా?

నిమ్మతోట_పెద్దాయన (పొదలకూరు) | జూన్ 8, రాత్రి 10:15

ఆరు నెలల్లో అయ్యేది ఇటుక గోడమ్మా, చెట్ల గోడ కాదు.

ముందు నాలుగు సంగతులు చెప్పు. గోడకూ నడిచే దారికీ మధ్య ఎంత మట్టి ఉంది? నీళ్ళు బోరువా, కుళాయివా? బోరైతే టీడీఎస్ (నీళ్ళలో కరిగిన ఉప్పుల లెక్క) ఎంత? తవ్వితే ఏం మట్టి వస్తోంది? ఇవి తెలియకుండా ఎన్ని మొక్కలని చెప్పేవాడు మొక్కలు అమ్మేవాడే.

గెలాక్సీ_రాయి (చీమకుర్తి) | జూన్ 8, రాత్రి 10:32

20 మొక్కలకయ్యే డబ్బుల్లో పది ఇనుప పైపులు పాతి ఆకుపచ్చ నెట్ కట్టొచ్చక్కా. నీళ్ళక్కర్లేదు, ఎరువక్కర్లేదు. సాయంత్రానికి పని అయిపోతుంది.

మల్లెపందిరి | జూన్ 9, ఉదయం 6:50

నెట్ కట్టామనుకో తమ్ముడూ, పక్కింటివాళ్ళ మొహం మీద తలుపేసినట్టుంటుంది. చెట్లయితే చెట్లు పెంచుకుంటున్నారులే అనుకుంటారు.

పెద్దాయన గారూ, గోడ పక్కన మట్టి 4 అడుగుల వెడల్పు ఉంది. ఇల్లు కట్టినప్పటి రబ్బిష్ అక్కడే పోసి పైన ఎర్రమట్టి సర్దారు. బోరు టీడీఎస్ 1,400 చూపించింది. కుళాయి నీళ్ళు కూడా వస్తాయి కానీ రోజూ రావు.

కావలి_నర్సరీ (కావలి) | జూన్ 9, మధ్యాహ్నం 1:20

నాది చిన్న నర్సరీ, కాబట్టి నా మాట కొంచెం అనుమానంగానే వినండి. మీరు ఫంక్షన్ హాల్లో చూసింది అరెకా పామ్. పేరు అరెకా అయినా మన వక్క చెట్టు కాదు, దీని పుట్టిల్లు మడగాస్కర్. కింద నుంచి పిలకలు వేస్తూ గుబురుగా వస్తుంది, మట్టల కాడలు పసుపుగా ఉంటాయి. దడికి కావలసిన గుణం ఆ పిలకలే. ఫాక్స్‌టెయిల్, రాయల్ పామ్ ఒంటి మాను చెట్లు. అవి వరసగా పెడితే కరెంటు స్తంభాలు నాటినట్టుంటుంది, కనపడాల్సింది అంతా కాళ్ళ మధ్య నుంచి కనపడుతుంది.

కొనేటప్పుడు కవర్‌లో గుబురు చూసి మోసపోవద్దు. చాలా కవర్లలో ఉండేది ఒక చెట్టు కాదు, పది పదిహేను గింజల మొక్కలు ఒకే చోట మొలిపించినవి. చూడ్డానికి నిండుగా ఉంటాయి, నేలలో పెట్టాక ఒకదాని తిండి ఒకటి లాక్కుంటాయి. ఐదారు లావు కాడలు, వాటి మొదట్లో కొత్త పిలకలు ఉన్న కవర్ తీసుకోండి, ఎత్తు తక్కువైనా సరే. ఇంకో మాట. మా దగ్గరికి లారీల్లో కడియం నుంచి వచ్చేవి షేడ్ నెట్ కింద పెరిగినవి. వాటిని దించిన రోజే పడమటి ఎండలో పెడితే వారంలో ఆకు తెల్లగా మాడుతుంది. ఎండలో కొన్నాళ్ళు ఉంచినవి ఉన్నాయా అని అడగండి.

20 మొక్కలు ఎక్కువే.

మేడమీద_మొక్కలు (ఒంగోలు) | జూన్ 9, సాయంత్రం 4:05

నా ఏడుపు కూడా వినండి. మాకు మూడేళ్ళ వయసున్న అరెకా వరస ఉండేది, తొమ్మిది గుబుర్లు, పది అడుగులు. నేను హైదరాబాద్‌లో మా అమ్మాయి దగ్గర ఉండగా, గేటు దగ్గరి డ్యూరాంటా కత్తిరించడానికి వచ్చిన తోటపని మనిషి "ఇవి కూడా ఎగుడుదిగుడుగా ఉన్నాయమ్మా, లెవల్ చేశాను" అని ఫోన్ చేశాడు. ఎంత ముచ్చటగా చెప్పాడో! వచ్చి చూస్తే ఏడు అడుగుల దగ్గర దారం పట్టి కోసినట్టు కోశాడు.

డ్యూరాంటా కోస్తే పక్కన చిగురేస్తుంది. పామ్ కాడకి పైన ఉండే మొవ్వు ఒక్కటే ప్రాణం. అది పోతే ఆ కాడ పోయినట్టే, పక్క కొమ్మ రాదు. కోసిన కాడలు రెండు నెలలు పచ్చగానే ఉండి నన్ను మభ్యపెట్టాయి, తర్వాత ఒక్కొక్కటే లోపల గుల్లయి, పట్టి లాగితే చేతికొచ్చేశాయి. పొట్టి పిలకల మొవ్వు కోతకి అందలేదు కాబట్టి గుబుర్లు బతికాయి. కానీ మళ్ళీ గోడ దాటడానికి రెండేళ్ళు పట్టింది.

ఎత్తు తగ్గించాలంటే మరీ పొడుగైన కాడని నేల మట్టానికి కోసెయ్యాలి, మధ్యలో కాదు. మీ ఇంట్లో పనికొచ్చే ప్రతి మనిషికీ ముందే చెప్పండి. నేను ఇప్పుడు బోర్డు పెట్టాను.

గెలాక్సీ_రాయి | జూన్ 9, సాయంత్రం 4:30

బోర్డు మీద ఏం రాశారక్కా?

మేడమీద_మొక్కలు | జూన్ 9, సాయంత్రం 4:41

"తల తీయరాదు."

బోరునీళ్ళు (కనిగిరి) | జూన్ 9, రాత్రి 8:55

మా వైపు నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. అరెకాకి ఉప్పూ పడదు, ఫ్లోరైడూ పడదు. ఆకు మొన దగ్గర గోధుమ రంగు మొదలై లోపలికి పాకుతుంది, ముందు ముదురాకులకి. చెట్టు చావదు గానీ ఎప్పుడూ జ్వరం తగిలినట్టుంటుంది. పైగా నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. ఆర్వో మెషీన్ నుంచి బయటికి పోయే నీళ్ళు వృథా ఎందుకని పైపు తెచ్చి చెట్ల పాదిలోకి వదిలాను. ఆర్వో తీసేసిన ఉప్పంతా ఉండేది ఆ నీళ్ళలోనే కదా! ఆ వేసవికి మూడు గుబుర్లు సగం ఎండాయి. ఇప్పుడు ఆ నీళ్ళు బాత్‌రూమ్ కడగడానికే.

మేడ మీద వాన నీళ్ళ పైపు ఆ వరస వైపు తిప్పుకోండి. ఒక్క పెద్ద వాన పాదిలో పేరుకున్న ఉప్పుని కిందికి కడిగేస్తుంది. సూపర్ ఫాస్ఫేట్ వెయ్యొద్దు, అందులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది.

సముద్రపు_గాలి (మైపాడు) | జూన్ 9, రాత్రి 9:30

మా ఇంటికి సముద్రం కిలోమీటరు కూడా లేదు. అరెకా రెండుసార్లు పెట్టి రెండుసార్లు పీకేశాను, ఉప్పుగాలికి తూర్పు వైపు ఆకులన్నీ చీపురు పుల్లలయ్యాయి. చివరికి ముందు రెండు వరసలు సరుగుడు వేసి, అవి ఎదిగాక వాటి చాటున పెట్టాను. ఇప్పుడు బాగున్నాయి. మీకు ఊళ్ళో ఈ బాధ లేదు.

కొత్తసభ్యుడు_21 (గూడూరు) | జూన్ 10, ఉదయం 10:12

కోనోకార్పస్ పెట్టండి. సంవత్సరంలో పది అడుగులు, బోరు నీళ్ళు తాగినా ఏం కాదు, ఎట్టా కత్తిరించినా ఊరుకుంటుంది.

నిమ్మతోట_పెద్దాయన | జూన్ 10, ఉదయం 11:00

అది పెరుగుతుంది నాయనా, వేళ్ళూ పెరుగుతాయి. నాలుగడుగుల జాగాలో ఒక పక్క ప్రహరీ, ఇంకో పక్క డ్రైనేజీ పైపు పెట్టుకుని దాన్ని పిలవడం ఎందుకు? తెలంగాణలో హరితహారం కోసం వేసి వేసి, చివరికి వద్దని ఆపేశారు. పామ్‌ది పీచు వేరు, కొబ్బరికున్నట్టు. గోడని చీల్చే లావు వేరు దానికి రాదు.

ఇక అమ్మాయి అడిగిన లెక్క. 40 అడుగుల్లో ఈ చివర ఆ చివర రెండున్నర అడుగులు వదిలి, మూడున్నర అడుగులకొకటి పెడితే 11 మొక్కలు. గోడకి రెండడుగులు ఎడంగా పెట్టు. ఆనించి పెడితే సగం మట్టలు గోడకి రాసుకుని వంకరపోతాయి, పడమటి గోడ సెగ వేరే.

ఇప్పుడు పెట్టొద్దు. మొన్ననే మృగశిర వచ్చింది, మన నెల్లూరుకి మృగశిర పేరుకే. మనకి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆగస్టులో రెండు జల్లులు పడ్డాక పెడితే పెద్ద వాన వచ్చేలోపు వేరు కుదురుకుంటుంది. ఈ రెండు నెలలు ఆ రబ్బిష్ తీయించే పని చూడు. గుంతకి రెండడుగులు కాదు, మొత్తం వరసే కాలవలా తవ్వించు. సిమెంటు పెళ్ళలు, సున్నం ఉన్న మట్టిలో చెట్టుకి ఇనుము అందదు, మా నిమ్మచెట్లతో పడీ పడీ నేర్చుకున్న పాఠం ఇది. తవ్వాక బిందెడు నీళ్ళు పోసి చూడు. తెల్లారేసరికీ నిలిచి ఉంటే పెట్టకు, ముందు నీళ్ళు పోయే దారి చెయ్యి.

మల్లెపందిరి | జూన్ 10, రాత్రి 9:15

రాసుకున్నాను. అమ్మ ఒకటే అడుగుతోంది: పాములు చేరవా?

కావలి_నర్సరీ | జూన్ 10, రాత్రి 9:50

గుబురు మొదట్లో ఎండు మట్టలు, ఆకులు కుప్ప పడితే ఎలుకలు చేరతాయి, ఎలుకల కోసం అవి వస్తాయి. నేల నుంచి అడుగెత్తు శుభ్రంగా ఉంచితే చాలు. చీపురు తగిలేట్టు ఉంటే పాముకి నచ్చదు. ఇంకో సంగతి, దడి కోసమని ఫిష్‌టెయిల్ కూడా అంటగడతారు. దాని కాయల రసం తగిలితే ఒళ్ళంతా దురద. పిల్లలున్న ఇంట్లో వద్దు.

మల్లెపందిరి | ఆగస్టు 20, రాత్రి 8:30

పెట్టాం! కాలవ తవ్వితే ఎన్ని బయటపడ్డాయో చెప్తే నవ్వుతారు. మూడు ట్రాక్టర్ల రబ్బిష్, పెచ్చులు, ఒక పగిలిన వాష్‌బేసిన్, మేస్త్రీ పోయిందని మమ్మల్ని అనుమానించిన తాపీ. ఎర్రమట్టి, కొంచెం ఇసుక, మాగిన పశువుల ఎరువు, వేపపిండి కలిపి నింపాం. 11 మొక్కలు, ఐదడుగులవి.

ఒక అనుమానం. మొక్కలు ఊగుతున్నాయని పనివాళ్ళు జానెడు లోతుగా దించి చుట్టూ మట్టి తొక్కారు. కాడల అడుగు మట్టిలోకి పోయింది. పర్లేదా?

నిమ్మతోట_పెద్దాయన | ఆగస్టు 20, రాత్రి 8:48

పర్లేదు కాదు. రేపు తెల్లారగానే తీయించు. కవర్లో మట్టి ఎంత మట్టానికి ఉందో నేలలోనూ అంతే ఉండాలి. లోతుగా పాతిన పామ్ ఏడాది బతికున్నట్టే ఉండి, వేరుకి గాలాడక పాలిపోయి పోతుంది. అప్పుడు నీళ్ళు చాల్లేదనుకుని ఇంకా పోస్తాం. ఊగితే వెదురు కర్ర కట్టు, మట్టిలో పాతకు. తీసేటప్పుడు మట్టిగడ్డ పగలనీయకు, కాడలు పట్టి లాగకు, కిందనుంచి చేతులు పెట్టి ఎత్తాలి.

మల్లెపందిరి | ఆగస్టు 21, ఉదయం 10:05

తీయించాను. వాళ్ళు నన్ను చూసిన చూపు మీరు చూసుంటే బాగుండేది. డ్రిప్ కూడా వేశాం, మొక్కకి రెండు డ్రిప్పర్లు.

మల్లెపందిరి | డిసెంబరు 17, సాయంత్రం 6:20

మిచాంగ్ తుఫానుకి దొడ్డిలో రెండు రోజులు నీళ్ళు నిలిచాయి. కర్రలు కట్టి ఉన్నాయి కాబట్టి ఒక్కటీ పడలేదు. కానీ ఇప్పుడు కొత్తాకులు పసుపుగా, దాదాపు తెల్లగా వస్తున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. 3, 4 నంబర్లు మరీ. ఇంట్లో పామ్ ఎరువు ప్యాకెట్ ఉంది, వెయ్యనా?

బోరునీళ్ళు | డిసెంబరు 17, రాత్రి 7:40

తడిసి ఉన్న వేరుకి ఎరువు వెయ్యొద్దు. పాది ఆరనివ్వండి.

నిమ్మతోట_పెద్దాయన | డిసెంబరు 17, రాత్రి 8:10

ఏ ఆకు పసుపో చూసుకోవడమే ఇందులో విద్య. కొత్తాకు పాలిపోయి ఈనెలు పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. మట్టిలో లేక కాదు, నీళ్ళు నిలిచి వేరు పనిచేయక. ముందు ఆ రెండింటి దగ్గర కాలవ తీసి నీళ్ళు బయటికి పంపు. వేరు తేరుకుంటే దానంతటదే పచ్చబడుతుంది. తొందరైతే ఇనుము చిలేట్ (చెట్టు తేలిగ్గా తీసుకునే ఇనుము మందు) ఆకుల మీద చల్లు.

అదే ముదురాకు పసుపు, నారింజ చుక్కలతో మొన ఎండుతూ వస్తే పొటాష్ కరువు. అప్పుడు ఆకు బాగాలేదని కోసేయొద్దు. చెట్టు ఆ ముదురాకులోని పొటాష్ లాక్కునే కొత్తాకుని పోషిస్తుంటుంది. నువ్వు కోస్తే దాని నోటి దగ్గరి కూడు తీసినట్టు, పసుపు పై ఆకుకి ఎక్కుతుంది. పూర్తిగా ఎండి గోధుమ రంగైందే తియ్యి. ముదురాకు అంచులు పసుపై మధ్యలో పచ్చ మిగిలితే మెగ్నీషియం, దానికి ఎప్సమ్ సాల్ట్.

యూరియా ఒక్కటే వేసి ఎదుగుదల చూసి మురిసిపోవద్దు, అది పొటాష్ కరువుని ఇంకా పెంచుతుంది.

మేడమీద_మొక్కలు | డిసెంబరు 18, ఉదయం 9:00

ఇది ఎవరైనా పైన పిన్ చేయండి. నేను నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం పసుపాకులు కోస్తున్నాను.

మల్లెపందిరి | 2024 మే 19, మధ్యాహ్నం 2:30

ఫిబ్రవరికల్లా పచ్చబడ్డాయి. ఇప్పుడు ఎండలు. పడమటి ఎండకి నెట్ కట్టాం, ఈ ఒక్క వేసవికే అని పక్కింటావిడకి చెప్పి మరీ కట్టాం. పాదుల్లో వరిగడ్డి పరిచాను, నాలుగు వేళ్ళ మందాన. చల్లగానే ఉంది గానీ నిన్న ఎత్తి చూస్తే చెదలు!

కావలి_నర్సరీ | మే 19, సాయంత్రం 5:10

గడ్డి కాడలకి ఆనకుండా జానెడు వెనక్కి లాగండి. చెదలు తినేది ఎండు గడ్డినే, కాడ దగ్గర తేమగా కప్పేస్తేనే చెట్టుకి ప్రమాదం. నీళ్ళు సాయంత్రం పెట్టండి, రోజూ కొంచెం కొంచెం కాదు, లోతుగా దిగేట్టు. పదిహేను రోజులకోసారి కుళాయి నీళ్ళు పాది నిండా వదిలి ఉప్పు కడగండి.

మల్లెపందిరి | ఆగస్టు 11, ఉదయం 8:15

కొత్త గొడవ. ఆకు కింద పక్క తెల్లటి పొడి చుట్టలు చుట్టలుగా, ముగ్గు వేసినట్టు. వేలితో తీస్తే మైనంలా ఉంది. కింది ఆకుల మీద జిగురు, దాని మీద నల్లటి మసి. స్కూటర్ సీటు కూడా జిగటగా ఉంది. పురుగుమందు షాపులో రెండు సీసాలు ఇచ్చాడు, ఇంకా తెరవలేదు.

నిమ్మతోట_పెద్దాయన | ఆగస్టు 11, ఉదయం 8:40

తెరవకు. అది సర్పిలాకార తెల్లదోమ. 2016లో మన దేశంలో మొదటిసారి తమిళనాడు పొల్లాచ్చి కొబ్బరితోటల్లో చూశారు, ఆ తర్వాత మన కోస్తా కొబ్బరికీ వచ్చింది. కొబ్బరి, అరటి, జామ, ఈ పామ్ దేన్నీ వదలదు. దాన్ని తినే చిన్న కందిరీగ ఒకటుంది, ఎన్కార్సియా అంటారు. నువ్వు మందు కొడితే ముందు చచ్చేది అదే, దోమ మళ్ళీ వస్తుంది, ఈసారి అడ్డేవాడుండడు.

పైపుకి నాజిల్ పెట్టి ఆకు కింద నుంచి గట్టిగా కొట్టు, తెల్లారే. నాలుగైదు రోజులు ఆగి లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు కలిపి ఆకు అడుగున తడిసేట్టు చల్లు. పసుపు జిగురు అట్టలు నాలుగు వేలాడదియ్యి. మసికి పల్చటి గంజి చల్లితే ఎండి పొలుసులుగా రాలుతుంది.

గెలాక్సీ_రాయి | ఆగస్టు 11, ఉదయం 9:05

గంజా! మా అమ్మమ్మ చీరలకే కాదన్నమాట.

మల్లెపందిరి | 2025 జనవరి 26, సాయంత్రం 5:50

చాలా రోజులైంది. చెట్లు తొమ్మిది అడుగులు దాటాయి, కొన్ని పది. నేను లెక్కపెట్టాను, ఐదో గుబురులో ఏడాదిలో ఆరు కొత్త పిలకలు. మెట్ల మొదటి మలుపు పూర్తిగా కనపడటం లేదు, రెండో మలుపు ఇంకా కనపడుతుంది. వచ్చే ఏడాదికి అదీ మూసుకోవచ్చు. అమ్మ సంక్రాంతి ముందు నుంచీ మళ్ళీ బయటే కూర్చుంటోంది, గోంగూర ఒలిచి కాడలు పాదుల్లోకే విసురుతుంది.

నిన్న పక్కింటావిడ మెట్ల మీద నిలబడి పిలిచింది. చెట్లు బాగున్నాయి, మాకూ తూర్పు ఎండ తగ్గింది, ఏ నర్సరీలో కొన్నారని అడిగింది. నాకు చాలా సంతోషమనిపించింది. పోతూ పోతూ, "ఆ ఏడోది ఒక్కటి పల్చగా ఉందే, ఎందుకు? అందులోనుంచే మీ అమ్మగారు కనపడుతుంటారు" అంది.

నిమ్మతోట_పెద్దాయన | జనవరి 26, సాయంత్రం 6:30

ఆమె కంటికి అందింది మనకి అందలేదు. బోరు నీళ్ళ ఉప్పుకి ఏడో పాది డ్రిప్పర్లు మూసుకున్నాయేమో చూడు.

మల్లెపందిరి | జనవరి 27, ఉదయం 7:05

రెండూ మూసుకున్నాయి.